పెద్దమ్మ ఎవరితో ఓడిపోయింది?

పెద్దమ్మ పోయిన రోజు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు రాసే పని నామీద పడింది. ఇంట్లో "రాసేది" నేనొక్కదాన్నే కదా మరి. హాస్పిటల్ కారిడార్‌లో నిలబడి రెండు నిమిషాల్లో టైప్ చేశాను: మూడేళ్ళుగా క్యాన్సర్‌తో వీరోచితంగా పోరాడిన పెద్దమ్మ, ఈ ఉదయం ఆ పోరాటంలో ఓడిపోయింది. పంపించాక బాగానే రాశాననిపించింది కూడా, నిజం చెప్పొద్దూ.

సాయంత్రం పెదనాన్న ఫోన్ పక్కన పెట్టి అడిగారు. "ఓడిపోయిందని ఎందుకు రాశావు నాన్నా? ఎవరితో పందెం కాసిందని?"

ఆయన గొంతులో కోపం లేదు. అర్థం కాక అడిగారు. నా దగ్గర జవాబూ లేదు.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ వాక్యం నేను తెలుగులో రాయలేదని. తెలుగు లిపిలో రాశాను, అంతే. క్యాన్సర్‌తో ఎవరైనా పోతే ఇంగ్లీష్ పేపర్లు వేసే వాక్యం ఒకటుంది, "లాస్ట్ హర్ బ్యాటిల్" అని. చదివీ చదివీ అది నా బుర్రలో అచ్చు పడిపోయింది. మనిషి పోయిన బాధలో చేతికి అందిన మొదటి అచ్చు అదే.

ఇంగ్లీష్ నిండా యుద్ధం మాటలే. టార్గెట్ అంటే ఒకప్పుడు చిన్న గుండ్రటి డాలు. స్లోగన్ స్కాట్లండ్ గేలిక్ వాళ్ళ యుద్ధనాదం. డెడ్‌లైన్, అమెరికా అంతర్యుద్ధం నాటి జైళ్ళలో ఖైదీ దాటితే కాల్చేసే గీత. బ్లాక్‌బస్టర్ రెండో ప్రపంచయుద్ధంలో వీధులకు వీధులు కూల్చిన బాంబు. వాదన గురించి ఇంగ్లీష్ మాట్లాడే తీరే యుద్ధం తీరని 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ "మెటఫర్స్ వి లివ్ బై"లో చూపించారు. మనమేం తక్కువ తినలేదు. విమర్శలో మనం వాడే "ఖండన" అంటే నరకడమే. అయినా వీటితో పెద్ద ప్రమాదం లేదు. సినిమా బ్లాక్‌బస్టర్ అంటే ఎవరికీ బాంబు గుర్తు రాదు. ఆ పోలికలు ఎప్పుడో చచ్చిపోయాయి. జబ్బు దగ్గర వాడే యుద్ధం మాత్రం ఇంకా చావలేదు.

దీన్ని గట్టిగా పట్టుకున్న మనిషి సుసాన్ సాంటాగ్. 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ నేషనల్ క్యాన్సర్ యాక్ట్ మీద సంతకం పెట్టాడు. దానికి "వార్ ఆన్ క్యాన్సర్" అనే పేరు స్థిరపడింది. 1975లో సాంటాగ్‌కి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. 1978లో "ఇల్‌నెస్ యాజ్ మెటఫర్" రాసింది. అందులో తన జబ్బు గురించి ఒక్క ముక్క ఉండదు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం మొండితనం అనుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, కన్నీళ్ళు పక్కన పెడితేగానీ ఆ భాషని అంత చల్లగా చూడలేదని. కణాలు "దండెత్తడం", ఒంటి "రక్షణ వ్యవస్థ", రేడియేషన్‌తో "బాంబార్డ్" చేయడం... ఈ మాటలన్నీ వరసగా ముందు పెట్టి, ఇవి రోగికి ఏం చేస్తున్నాయో చూడమంటుంది. ఆమె బాధ అలంకారాల మీద కాదు. జబ్బుకి కథ కడితే ఆ కథలో తప్పు చివరికి రోగి మీద పడుతుందని.

పెదనాన్న అడిగింది అదే. యుద్ధం అన్నాక గెలుపోటములుంటాయి. ఓడినవాళ్ళు సరిగ్గా పోరాడలేదేమో అన్న అనుమానం ఉంటుంది. పెద్దమ్మ ఒక్క సైకిల్ కీమో కూడా తప్పలేదు. మందు పనిచేయడం మానేసింది. నా వాక్యం ఆ ఓటమిని తీసుకెళ్ళి ఆమె ఖాతాలో వేసింది.

అయితే సాంటాగ్‌తో నాకో పేచీ ఉంది. కీమో విషయంలో యుద్ధం ఉత్త పోలిక కాదు. మొదటి కీమో మందుల్లో ఒకటైన నైట్రోజన్ మస్టర్డ్ రసాయన ఆయుధాల పరిశోధనలోంచే వచ్చింది. 1942లో అమెరికాలోని యేల్‌లో దాన్ని మొదటిసారి రోగికి ఎక్కించారు. ఆ మాట ఆ మందుతోపాటే వార్డులోకి వచ్చిందేమో. ఇంకోటి, సాంటాగ్ సొంత ముగింపు. 2004లో లుకేమియాతో పోయేదాకా ఆమె చావుని ఒప్పుకోలేదని, బోన్ మారో మార్పిడి దాకా వెళ్ళిందని కొడుకు డేవిడ్ రీఫ్ 2008లో ఒక పుస్తకమే రాశాడు. యుద్ధం మాట వద్దన్న మనిషి ఆఖరి రోజుల్ని చెప్పడానికి యుద్ధం తప్ప ఇంకో మాట దొరకదు. ఆ పుస్తకం సాంటాగ్ వాదాన్ని అబద్ధం చేయదు గానీ, చదివాక ఆ వాదాన్ని మునుపటంత ధీమాగా వల్లించలేం.

మరి మన మాటలేం చెబుతున్నాయి? తెలుగులో జ్వరం "వస్తుంది", జబ్బు "చేస్తుంది", ఆటలమ్మ అయితే ఏకంగా అమ్మవారే "పోస్తుంది". జబ్బు "తగ్గుతుంది", "నెమ్మదిస్తుంది", ఒక్కోసారి "తిరగబెడుతుంది". మనిషి "పోతాడు", "కాలం చేస్తాడు", "కన్నుమూస్తాడు". ఇన్నింటిలో ఓడటం ఎక్కడా లేదు. పెదనాన్న చెవికి నా వాక్యం పరాయిగా వినపడింది అందుకే.

ఇక్కడే ఆగిపోయి మన భాష ఎంత గొప్పదో అనుకుంటే హాయిగా ఉండేది. కానీ అదే ఇంట్లో, అదే వారం, పలకరించడానికొచ్చిన ఒకావిడ "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అంది. ఎవరూ ఆమెని ఆపలేదు. మూడేళ్ళూ మా ఇంట్లో క్యాన్సర్ పేరెత్తకుండా "పెద్ద జబ్బు" అంటూనే గడిపాం. సాంటాగ్ చెప్పిన నింద మన దగ్గర కర్మ పేరుతో ఎప్పట్నుంచో ఉంది. ఇంగ్లీష్ యుద్ధం దాని పక్కన కొత్తగా వచ్చి చేరింది. 2020 మార్చిలో ప్రధాని మోదీ మహాభారత యుద్ధం 18 రోజుల్లో గెలిచారని, కరోనా మీద యుద్ధానికి 21 రోజులు పడుతుందని అన్నప్పుడు, ఆ యుద్ధానికి దేశీ పురాణం కూడా దొరికింది.

ఇంకో సంగతి నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది. రెండో కీమోకి వెళ్తూ పెద్దమ్మే ఆటోలో అంది, "ఇవాళ దీని అంతేదో చూస్తాను" అని. ఇంగ్లండ్‌లో లాంకస్టర్ యూనివర్సిటీ భాషావేత్తలు క్యాన్సర్ రోగుల మాటలు పోగుచేసి చూస్తే, యుద్ధం పోలిక కొందరిని కుంగదీస్తే, కొందరికి సత్తువ ఇస్తోందని తేలింది. కాబట్టి ఆ మాటని నిషేధించేద్దాం అనడం తేలిక గానీ, పెద్దమ్మ నోట్లోంచి దాన్ని లాక్కునే హక్కు నాకెక్కడిది?

నాకు తోచిన తేడా ఇది. "అంతు చూస్తాను" అనేది బతికున్న మనిషి తనకోసం తాను చెప్పుకునే మాట. "ఓడిపోయింది" అనేది మనిషి పోయాక పక్కవాళ్ళు వేసే స్కోరు. మొదటిది పెద్దమ్మది. రెండోది నాది. సాంటాగ్ పుస్తకం ఈ రెంటినీ విడదీసి ఉంటే ఇంకా బలంగా ఉండేదని నా ఫిర్యాదు.

పెదనాన్న అడిగేసరికి వాట్సాప్‌లో ఎడిట్ చేసే టైం దాటిపోయింది. నా మెసేజ్ కింద చేతులు జోడించిన బొమ్మలు ముప్పై పైనే ఉన్నాయి. పెద్దకర్మ కార్డు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం "మా పెద్దమ్మ కాలం చేసింది" అని రాసి పెదనాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, తేదీలో ఒక అంకె దిద్ది, ప్రెస్‌కి పంపమన్నారు.