చిక్కుడాకు చుట్టూ ఒక గీత

ఎల్స్‌వర్త్ కెల్లీ (1923–2015) అమెరికా చిత్రకారుడు. పెద్ద పెద్ద రంగు పలకల్లాంటి చిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. ఆయనే 1964–66 మధ్య మొక్కల మీద 28 లితోగ్రాఫులు కూడా చేశాడు. వాటిలో బీన్స్ ఆకుల బొమ్మలున్నాయి. తెల్ల కాగితం మీద నల్ల గీత, అంతే. నీడ లేదు, రంగు లేదు, వెనక తోట లేదు.

"ఇందులో ఏముంది? మా నాలుగో తరగతి పిల్లలూ గీస్తారు" అని మనలో చాలామంది అంటాం. కానీ ముందు ఆ ఆకునే చూద్దాం. బీన్స్ ఆకు అంటే మూడు రేకలు. నడిమిది రెండు పక్కలా సమానంగా ఉంటుంది. పక్క రేకలు రెండూ బయటి వైపు వెడల్పుగా, లోపలి వైపు సన్నగా ఉంటాయి. పుస్తకంలో బొమ్మ చూసి గీసేవారికి ఈ తేడా తెలియదు. కలుపు తీసిన వారికి తెలుస్తుంది. కెల్లీ మొక్కను ఎదురుగా పెట్టుకొని గీసేవాడు. నీడ వేస్తే తప్పు కొంత కప్పుకోవచ్చు. ఒక్క గీతతో గీసినప్పుడు ఆ వీలు లేదు. అంత తక్కువ గీయడానికి ఆయన ఎంతో చూశాడు.

చింతపల్లి, పాడేరు కొండల్లో మనవాళ్లు పండించే రాజ్‌మాదీ, ఆ బీన్స్‌దీ ఒకటే జాతి. అంటే ఆ ఆకు మన పొలంలోదే. అందుకే ఆ బొమ్మలో లేనిది కూడా మనకే ముందు కనబడుతుంది. అందులో మన్ను లేదు, వాన లేదు, కోసే చేయి లేదు. కోయ, కొండరెడ్డి ఊళ్లలో చిక్కుడు కొత్త చేయనిదే కొత్త చిక్కుడు నోట పెట్టరు. మనకు కాయ అంటే ఊరు, దేవత, పెద్దలు అన్నీ కలిసినది. కెల్లీ ఆకును వీటన్నిటి నుంచి విడదీసి ఒంటరిగా నిలబెట్టాడు. దాని వల్ల ఆకు రూపం బాగా కనబడింది, ఆకు బతుకు కనబడలేదు. ఆ బొమ్మకు ఉన్న బలమూ, హద్దూ ఇవే అని మేము అనుకుంటున్నాం.

ఇక పేర్ల సంగతి. సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో మనుషుల్ని, చెట్లను, సూర్యచంద్రుల్ని నాలుగు గీతల్లో నిలబెడతారు. దాన్ని "ఆదిమ కళ" అన్నారు. కెల్లీ గీతను "మినిమలిజం" వరుసలో పెట్టి మ్యూజియంలో ఉంచారు. రెండు చోట్లా చేయి అనవసరమైనది వదిలేసింది. ఒకరు వదిలేస్తే ఆలోచన, ఇంకొకరు వదిలేస్తే తెలియనితనం ఎలా అవుతుంది? ఇందులో కెల్లీ తప్పు లేదు. పేర్లు పెట్టేవారిని మాత్రం మనం అడగాలి. ఆ పేర్లనే మన పిల్లలకు అప్పజెప్పకుండా జాగ్రత్తపడాలి.

ఉపాధ్యాయులకు ఒక మాట. బొమ్మల పీరియడ్‌లో నల్లబల్ల మీద యాపిల్ గీసి చూసి వేయమనే బదులు, ప్రతి పిల్లకూ ఒక చిక్కుడాకు ఇవ్వండి. రబ్బరు పక్కన పెట్టించి, ఒక్క గీతలో అంచు గీయించండి. తర్వాత ఆ ఆకు ఎవరి పాదులోదో, ఆ కాయ ఎప్పుడు తింటారో అడిగి, వాళ్ల భాషలోనే బొమ్మ కింద రాయించండి. కెల్లీ కాగితంలో ఖాళీగా మిగిలిన చోటును మన పిల్లలు నింపగలరు.