పేరు చెప్పని హెచ్చరిక

మన ముందు లారీ, దాని ముందు ఇంకో కారు. ఆ కారు ఉన్నట్టుండి గట్టిగా బ్రేకు వేసింది. మనకు లారీ వెనక తలుపులు తప్ప ఏమీ కనపడవు, మన కారు కెమెరాకీ అంతే. అయినా ఆ బ్రేకు సంగతి, లారీ డ్రైవరు కాలు కదిపేలోపే మన కారుకు చేరగలదు. అమెరికాలోని ఆన్ ఆర్బర్ వీధుల్లో 2012లో సుమారు 2,800 బండ్లతో పరీక్షకు పెట్టింది ఈ పద్ధతినే.

బండిలోని రేడియో 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర, మామూలుగా సెకనుకు పదిసార్లు, చిన్న సందేశం వదులుతుంది. అక్షాంశ రేఖాంశాలు, వేగం, వెళ్తున్న దిక్కు, స్టీరింగ్ తిరిగిన కోణం, ఏయే చక్రాలకు బ్రేకు పడిందీ, బండి పొడవు వెడల్పులు అందులో ఉంటాయి. అక్షాంశాన్ని డిగ్రీలో కోటో వంతు దాకా రాస్తారు. నేల మీద అది ఒక్క సెంటీమీటరు! జీపీఎస్‌కు అంత కచ్చితత్వం ఉండదు కనుక, తన లెక్క ఎంత తప్పి ఉండొచ్చో కూడా బండి ఆ సందేశంలోనే చెప్పేస్తుంది. ఆ నిజాయితీ నాకెంతో ముచ్చటగా ఉంటుంది. అన్ని బండ్లూ ఒకేసారి పలక్కుండా పంపే క్షణాన్ని కాస్త అటూ ఇటూ జరుపుతారు. రద్దీ పెరిగితే సందేశాలు తగ్గిస్తారు. గట్టి బ్రేకు పడితే మాత్రం సందేశం వంతు కోసం ఆగదు.

అసలు పనితనమంతా సంతకంలో ఉంది. ఎవడో ఆకతాయి దొంగ సందేశం వదిలితే కార్లు ఉత్తపుణ్యానికి ఆగిపోతాయి. కాబట్టి ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉండాలి. ఒకే సంతకం రోజంతా వాడితే, మనం ఎటెటు తిరిగామో ఎవరైనా రాసుకోవచ్చు. అందుకని అమెరికా రూపకల్పనలో సంతకాల కోసం బండికి వారానికి 20 మారుపేరు ధ్రువపత్రాలు ఇస్తారు. ఐదు నిమిషాలకోసారి పత్రం మారుతుంది. తాత్కాలిక గుర్తింపు సంఖ్య, రేడియో చిరునామా కూడా సరిగ్గా అప్పుడే మారాలి. ఒక్కటి వెనకబడినా పాతపేరూ కొత్తపేరూ ముడిపడిపోతాయి.

ఈ పత్రాలిచ్చే వ్యవస్థలో, ఏ బండి అడిగిందో తెలిసిన విభాగానికి పత్రంలో ఏముందో తెలియదు. పత్రం రాసే విభాగానికి అది ఏ బండికి పోతుందో తెలియదు, ఎందుకంటే చాలా బండ్ల అర్జీలను కలగలిపాకే దానికి పంపుతారు. తప్పుడు సందేశాలు పంపే బండిని వెలివేయాలంటే మరో రెండు విభాగాలు ఆ బండికి సంబంధించిన చెరొక విలువను బయటపెట్టాలి. ఆ రెండూ కలిస్తే, ఆ వారం నుంచి ఆ బండి వాడే పత్రాలన్నిటినీ మిగతా బండ్లు గుర్తుపట్టి వాటి సందేశాలను పక్కన పెడతాయి. వారం వారం విలువను మార్చే గణితం ముందుకే నడుస్తుంది, వెనక్కి విప్పడానికి వీల్లేదు. అందుచేత వెలిపడిన బండి కూడా అంతకు ముందు వారాల్లో ఎక్కడెక్కడ తిరిగిందో ఆ విలువలతో పట్టుకోలేరు.