ఆక్యుపంక్చర్ మార్గాలకు శరీర నిర్మాణ ఆధారం: ఒక విమర్శ

ఆక్యుపంక్చర్ పటాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. నిలబడిన మనిషి బొమ్మ మీద తల నుంచి కాలివేళ్ళ దాకా గీతలు, ఆ గీతల మీద చుక్కలు. గీతల్లో 12 ప్రధాన మార్గాలు, శరీర మధ్యరేఖ మీద పోయేవి మరో రెండు. వీటి మీద ఉన్న బిందువులు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక నామావళి ప్రకారం 361. పటం చూడగానే విద్యార్థి అడిగే ప్రశ్న ఒకటే: ఈ గీతలు ఒంట్లో ఏమిటి? రక్తనాళాలా, నరాలా?

నేను అధ్యాపకుడిగా చేరిన తొలి ఏళ్ళలో ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి: అవి నరాలే, పాతకాలం వారికి ఆ సంగతి తెలియదు, అంతే. అది తప్పు జవాబు. ఆ తప్పులో మన భాష వాటా కూడా కొంత ఉంది. వైద్యుడు మణికట్టు దగ్గర నాడి చూస్తాడు. అక్కడ కొట్టుకునేది ధమని. పాఠ్యపుస్తకంలో నాడీ మండలం అంటే నరాల వ్యవస్థ. యోగ గ్రంథాల్లోని ఇడ, పింగళ కూడా నాడులే. వాటిని శరీరాన్ని కోసి చూపినవారు లేరు. ఒకే మాట మూడు వస్తువులను మోస్తోంది. చైనా వారి 'మై' అనే మాట కూడా ఇలాంటిదే. రక్తం పారే నాళం, అందులో కొట్టుకునే స్పందన, కంటికి కనిపించని మార్గం, ఈ మూడూ అందులో ఇమిడి ఉన్నాయి. కాబట్టి 'మై అంటే శరీరంలో ఏది?' అని అడిగేముందు ఏ కాలపు మై, ఏ గ్రంథపు మై అని అడగాలి.

హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయి వద్ద క్రీ.పూ. 168లో మూసివేసిన ఒక సమాధిని 1973లో తవ్వారు. అందులో దొరికిన పట్టు ప్రతుల్లో మై గురించిన రచనలు ఉన్నాయి. అక్కడ మై 12 కాదు, 11. సూదుల ప్రస్తావన లేదు, బిందువుల పేర్లూ లేవు. ఫలానా మై వెంట ఫలానా బాధలు వస్తాయి, దాని మీద వాత పెట్టాలి, అంతవరకే. తర్వాతి కాలపు 'హువాంగ్డి నెయ్‌జింగ్' గ్రంథంలోని లింగ్‌షూ భాగానికి వచ్చేసరికి హృదయావరణ మార్గం చేరి లెక్క 12 అయింది, మార్గాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి వలయం అయ్యాయి. మధ్యలో మనిషి శరీరం మారలేదు కదా! మరి పన్నెండోది ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబుకు దారి లింగ్‌షూ 12వ అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయం విచిత్రమైనది. బతికున్న మనిషిని పైనుంచి కొలవవచ్చు, చనిపోయినవాణ్ణి కోసి చూడవచ్చు అని అందులో స్పష్టంగా ఉంది. అదే అధ్యాయం 12 మార్గాలను చైనా దేశపు 12 జలాలతో జత కలుపుతుంది. ఊపిరితిత్తుల మార్గానికి పసుపు నది, పెద్దపేగు మార్గానికి యాంగ్జీ నది. అంటే కత్తీ ఉంది, దేశపటమూ ఉంది. సంఖ్యను నిర్ణయించింది కత్తి కాదని నా అభిప్రాయం. 'మూడు కొలుముల' మార్గాన్ని చూడండి. ఆ అవయవానికి పేరుంది కాని రూపం లేదని 'నాన్‌జింగ్' అనే ప్రాచీన గ్రంథమే ఒప్పుకుంది. రూపం లేని అవయవానికీ పటంలో గీత ఉంది.

అలాగని ప్రాచీన చైనీయులు శరీరాన్ని కోసి చూడనేలేదనడం అన్యాయం. క్రీ.శ. 16లో వాంగ్ మాంగ్ పాలనలో మరణశిక్ష పడిన ఒక వ్యక్తి శరీరాన్ని రాజవైద్యుడు, నేర్పరి అయిన కసాయి కలిసి కోసి, అవయవాలను కొలిచి, మై ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి వెదురు పుల్లలు దూర్చారని హాన్ వంశ చరిత్రలో ఉంది. పుల్ల దూరేది బోలుగా ఉన్నదాంట్లోనే. అంటే ఆ రోజు వారు వెతికిన మై రక్తనాళమే.

ఇక 'మెరిడియన్' అనే మాట చైనాది కాదు. దాన్ని పాశ్చాత్య దేశాల్లో స్థిరపరచినది ఫ్రెంచి రచయిత జార్జ్ సూలియే ద మొరాన్. ఆయన పెద్ద గ్రంథం మొదటి భాగం 1939లో వెలువడింది. భూగోళం మీది రేఖాంశం పేరును మై మీద పెట్టడంతో నాళం, స్పందన అనే పాత అర్థాలు జారిపోయి గీత ఒక్కటే మిగిలింది. ఆ గీతను ఒంట్లో వెతికే పని అప్పటి నుంచి ఊపందుకుంది.

వెతికినవారిలో కొందరి సంగతి క్లుప్తంగా చాలు. ఉత్తర కొరియాకు చెందిన కిమ్ బాంగ్ హాన్ 1960ల తొలి ఏళ్ళలో ప్రత్యేక నాళాలు కనుగొన్నానని ప్రకటించాడు. కొద్ది ఏళ్ళకే ఆ పరిశోధన ఆగిపోయింది. 1985లో ఫ్రాన్స్‌లో బిందువుల వద్ద రేడియోధార్మిక టెక్నీషియం ఎక్కించి, అది మార్గాల వెంట పోయిందన్నారు. సిరల గుండా పోయిందని తర్వాతి పరీక్షలు చూపాయి.

2002లో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ లాంజెవాన్, జేసన్ యాండో చేసిన పని మాత్రం శ్రద్ధగా చదవదగ్గది. వారు మనిషి చేతి అడ్డుకోతలు పరిశీలించి, చేతి మీది బిందువుల్లో సుమారు 80 శాతం కండరాల మధ్య ఉండే సంయోజక కణజాలపు పొరలతో సరిపోయాయని చెప్పారు. వేలితో తడుముతూ సూది స్థానం వెతికిన వైద్యుడు కండరాల నడుమ పల్లాన్ని పట్టుకుంటాడు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. అయితే సంయోజక కణజాలం శరీరమంతా ఉంది. ఆ పొర ఊపిరితిత్తికి ఎందుకు చెందాలి, పక్కనున్న పొర గుండెకు ఎందుకు చెందాలి? ఆ ప్రశ్నకు ఈ అడ్డుకోతల్లో జవాబు లేదు.

మరోవైపు, 'కోస్తే కనబడలేదు కనుక అంతా కల్పన' అనేవారితోనూ నేను ఏకీభవించను. హృదయ మార్గం చేతి లోపలివైపు నుంచి చిటికెనవేలి దాకా పోతుంది. గుండెనొప్పి కూడా తరచు ఆ దారినే పాకుతుంది. గుండె నుంచి, చేతి ఆ భాగం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దగ్గరదగ్గర మట్టాల్లో చేరడం దానికి కారణం. రోగి 'ఇక్కణ్ణుంచి ఇక్కడికి లాగుతోంది' అని చూపిన దారిని ఎవరో శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నారు. అది బాధల పటంగా నిజమే, నాళాల పటంగా కాదు. అన్ని మార్గాలకూ ఇలాంటి వివరణ దొరకదన్నది వేరే మాట.

బిందువుకూ గీతకూ తేడా చూపే ప్రయోగం 2021లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఎలుకల వెనుక కాలి మీది జూసాన్‌లీ బిందువు వద్ద స్వల్ప విద్యుత్తు ఇస్తే వేగస్ నరం, అడ్రినల్ గ్రంథి ద్వారా వాపు ప్రక్రియ తగ్గింది. పొట్ట మీది త్యాన్‌షూ బిందువు వద్ద అంతే విద్యుత్తు ఇస్తే ఆ ఫలితం రాలేదు. చైనా పటంలో ఈ రెండు బిందువులూ జఠర మార్గం మీదివే! గీత ఒకటే, ఫలితం వేరు. కాలిలోని లోతైన పొరల్లో ఉన్న ఒక రకపు నరతంతువులు ఈ తేడాకు కారణమని పరిశోధకులు చూపారు. మనుషుల విషయంలో, జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. సరైన బిందువుల్లో గుచ్చినవారిలో 47.6 శాతం, బిందువులు కాని చోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మెరుగుపడ్డారు. సూది గుచ్చడం వల్లనో, వైద్యుడి శ్రద్ధ వల్లనో ఏదో మేలు జరిగింది. గీతకు అందులో పెద్ద పాత్ర కనబడలేదు.

ఈ చర్చ గ్రంథాలకే పరిమితమైనది కాదు. మూత్రాశయ మార్గం వీపు మీద వెన్నెముకకు ఇరుపక్కలా దిగుతుంది. పైవీపులో ఆ గీత కింద, పలుచని మనుషుల్లో అతి కొద్ది లోతులోనే, ఊపిరితిత్తి ఉంటుంది. సూది అక్కడికి చేరితే ఛాతీలో గాలి నిండి ప్రాణం మీదికి రావచ్చు. ఇది ఈ చికిత్సలో అరుదుగానైనా నమోదైన ప్రమాదం. పటంలోని గీతకు లోతు లేదు. ఈ భాగం చదివేటప్పుడు ఆక్యుపంక్చర్ పటం పక్కనే ఛాతీ అడ్డుకోత బొమ్మను కూడా తెరిచి పెట్టుకోండి.