పెడల్ మీద కాలు

విమానానికి మోటారు ఉండదు, మోటారు ఉండేది నేల మీద. రేడియో గ్లైడర్‌ని వించ్‌తో లేపడమంటే ఇంతే. వించ్ అంటే కారు సెల్ఫ్ మోటారు, 12 వోల్టుల బ్యాటరీ, దారం చుట్టుకునే డ్రమ్ము, కాలి కింద పెడల్. డ్రమ్ము నుంచి వెళ్లిన తంగూసు, గాలి వచ్చే దిక్కున దూరంగా పాతిన కప్పీ చుట్టి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. కొసన చిన్న పారాచూట్ గుడ్డ, రింగు. రింగును గ్లైడర్ పొట్ట కింది కొక్కేనికి తగిలిస్తాం.

మా ఊరు బలిఘట్టంలో దీనికి అదను వరి కోతలయ్యాకే. వరాహ నది పక్క మడులు ఖాళీ అవుతాయి. తాటిచెట్లూ కరెంటు తీగలూ లేని మేర వెతుక్కోవడమే కష్టం.

కొక్కెం సంగతి గాలిపటానికి సూత్రం కట్టడం లాంటిదే. వెనక్కి జరిపేకొద్దీ గ్లైడర్ నిటారుగా ఎక్కుతుంది, మరీ జరిపితే పక్కకు తిరగబడుతుంది. బరువు తూగే చోటికి కాస్త ముందు పెట్టి, మిల్లీమీటర్ చొప్పున జరుపుకోవాలి.

కొత్తవాళ్లు పెడల్ తొక్కిపట్టి ఉంచుతారు. దారం బిగిసి, చేతిలోని గ్లైడర్ ముందుకు గుంజేదాకా తొక్కి, అప్పుడు విసరాలి. పైకి లేచాక రెక్కలు వంగడం కింది నుంచే కనిపిస్తుంది. ఇక వదిలి వదిలి తొక్కాలి. డ్రమ్ము వెనక్కి తిరగకుండా అడ్డు ఉంటుంది కాబట్టి, గాలి బాగుంటే కాలు తీసేసినా ఎక్కుతూనే ఉంటుంది. అసలు పనితనం చివర్లో. నైలాన్ సాగి ఉంటుంది కదా, పైకి చేరాక ముక్కు చటుక్కున దించితే గ్లైడర్ వేగం పుంజుకుంటుంది, దారం ముడుచుకుంటూ ఇంకా లాగుతుంది. ఆ ఊపులో ముక్కెత్తితే రింగు జారిపోయి గ్లైడర్ రివ్వున పైకి పోతుంది.

పెద్ద మోటారు పెడితే పోలేదా అంటారు. అంతర్జాతీయ ఎఫ్3బి గ్లైడర్ పోటీల్లో అది కుదరదు. కప్పీ వించ్‌కి 200 మీటర్లు దాటి ఉండకూడదు, బ్యాటరీతో కలిపి వించ్ నిరోధం 23 మిల్లీఓమ్‌లకు తగ్గకూడదు. నాకు నచ్చిన నిబంధన ఇది. బలానికి హద్దు పెట్టేశాక తేడా చూపించేది పాదమే.

మన దగ్గర 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో ఎత్తుకు హద్దు 400 అడుగులు. ముందు ఈ జోన్లు చూపించే డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి, ఆ ఎత్తు దాటకుండా కప్పీని దగ్గరగా పాతుకోండి. ఇంటికొచ్చే ముందు తెగిన తంగూసు ముక్కలన్నీ ఏరెయ్యండి. ఆ మడుల్లోకి సాయంత్రం గేదెలు మేతకొస్తాయి.