పదహారు గళ్ల దరువు

ఇంట్లోనే పాటలు చేసుకుందామనుకునేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారని అడిగితే, నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. మీ పాటలో మైకు ముందు పాడేది, వాయించేది ఎంత? మౌసుతో, చిన్న కీబోర్డుతో కంప్యూటర్ లోపలే పుట్టించేది ఎంత? ముప్పాతిక వంతు డ్రమ్స్ ప్రోగ్రామింగు, సాఫ్ట్ సింథులే అయితే నా ఓటు ఎఫ్ఎల్ స్టూడియోకే.

అది పుట్టిందే దరువు కోసం. బెల్జియంలోని ఇమేజ్-లైన్ సంస్థకు డిడియర్ డాంబ్రిన్ రాసిపెట్టిన ఈ ప్రోగ్రాము 1997 చివర్లో ఫ్రూటీలూప్స్ పేరుతో బయటికొచ్చింది. అప్పుడది ఉత్త డ్రమ్ మెషీన్. 2003లో పేరు మారింది, ఏళ్లు గడిచేకొద్దీ మిక్సరూ సింథులూ రికార్డింగూ వచ్చి చేరాయి. టేపు రికార్డరును నమూనాగా పెట్టుకుని పెరిగిన స్టూడియో సాఫ్ట్‌వేర్లు వేరు, దీని నడక వేరు.

ఛానెల్ ర్యాక్ తెరవండి. ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరుస, వరుసకు పదహారు గళ్లు. నాలుగు బూడిద రంగువి, నాలుగు ఎర్రటివి, మళ్లీ నాలుగు బూడిద రంగువి. లెక్కపెట్టకుండానే దెబ్బ ఎక్కడ పడాలో కంటికి తెలిసిపోతుంది. ఎడమ క్లిక్కుతో గడి వెలుగుతుంది, కుడి క్లిక్కుతో ఆరుతుంది. రాయడానికొకటి, చెరపడానికొకటి అంటూ పనిముట్లు మార్చుకునే బెడద లేదు. కిక్ పేరు మీద కుడి క్లిక్ చేసి నాలుగు గళ్లకొకటి నింపమంటే డ్యాన్స్ పాటకు కావలసిన దెబ్బలు క్షణంలో పడిపోతాయి.

అసలు పనితనం హై-హ్యాట్ దగ్గర తెలుస్తుంది. అన్ని దెబ్బలూ ఒకే బలంతో పడితే గోడగడియారం కొట్టుకున్నట్టుంటుంది. గ్రాఫ్ తెరిస్తే ప్రతి గడికీ ఒక నిలువు గీత కనిపిస్తుంది, దాని ఎత్తే దెబ్బ బలం. మౌసును అలా అడ్డంగా లాగుతూ పోతే గీతలు ఎగుడుదిగుడై, చేయి తిరిగిన డ్రమ్మరు ఒడుపుగా వాయించినట్టవుతుంది. శ్రుతి, ఎడమ-కుడి స్థానం, దెబ్బ ఆలస్యం కూడా ఇక్కడే సర్దుకోవచ్చు. స్నేరును వెంట్రుకవాసి వెనక్కి జరిపి చూడండి, పాట నడక మారిపోతుంది. స్వింగ్ మీట జరిపితే సరి సంఖ్య గళ్లన్నీ కాస్త ఆలస్యంగా పడతాయి. అయితే ఏ వాయిద్యం ఎంత ఊగాలో విడివిడిగా చెప్పే వీలుంది కాబట్టి హై-హ్యాట్ ఊగుతుంటే కిక్ నిటారుగా నిలబడగలదు. కంప్యూటర్ డ్రమ్స్‌లో జీవం లేదని పెదవి విరిచేవాళ్లలో ఎందరు ఈ గ్రాఫ్ తెరిచారో నాకు అనుమానమే.

ఇంకో చిన్న సంగతి. నిజం డ్రమ్స్‌లో తెరిచిన హై-హ్యాట్ మోగుతుండగా కాలితో మూస్తే ఆ మోత ఠక్కున ఆగుతుంది. ఇక్కడ ఛానెల్ సెట్టింగుల్లో 'కట్' అంకెలు రెండున్నాయి. మూసిన హ్యాట్ తెరిచినదాన్ని కోసేలా వాటిని పెడితే అచ్చం అలాగే ఆగుతుంది.

మన తాళాల దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది. మిశ్రచాపుకు అక్షరానికి రెండు గళ్లు చొప్పున పద్నాలుగు గళ్ల ప్యాటర్న్ చేసుకోవచ్చు. కానీ తాళం మూడు, రెండు, రెండుగా నడుస్తుంటే రంగులు నాలుగేసిగానే విడిపోయి కన్నును మోసం చేస్తాయి. టైమ్ సిగ్నేచర్లు 2018లో 20వ వెర్షన్‌తో గానీ రాలేదంటే ఆశ్చర్యమే.

సింథుల్లో త్రీఎక్స్ ఆస్క్ చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. మూడు ఆసిలేటర్లు, అంతే. రెండింటికి రంపపు పళ్ల తరంగం ఇచ్చి ఒకదాని శ్రుతిని రవ్వంత తప్పించండి, సన్నటి స్వరం ఒళ్లు చేసి గది నిండుతుంది. స్వరాలు రాసుకునే పియానో రోల్‌లో బేస్ రాస్తున్నప్పుడు అదే ప్యాటర్న్‌లోని మిగతా వాయిద్యాల స్వరాలు వెనక లీలగా కనిపిస్తుంటాయి. కిక్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. స్లయిడ్ నోటు పెడితే స్వరం జారుతూ పైస్థాయికి వెళ్తుంది. గమకం కోసం తపించే మన చెవికి అదొక చిన్న వరం. ఈ స్లయిడ్ ఎఫ్ఎల్ సొంత సింథుల్లోనే పనిచేస్తుంది, బయటినుంచి తెచ్చుకునే వీఎస్‌టీ సింథుల్లో పనిచేయదు.

గొంతు రికార్డింగు దగ్గర మాత్రం దీని పుట్టుక బయటపడుతుంది. పదిసార్లు పాడి, మంచి ముక్కలు ఏరి అతికే పనికి విన్‌యాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ చేసిన రీపర్ నాకు హాయిగా ఉంటుంది. పైసా పెట్టలేనివాళ్లకు ఎఫ్ఎల్ పోలికలతోనే ఎల్ఎమ్ఎమ్ఎస్ ఉచితంగా దొరుకుతుంది.

కొనేముందు ఎడిషన్ చూసుకోండి. అన్నిటికన్నా చవకైన ఫ్రూటీలో మైకు రికార్డింగు ఉండదు. దరువులు, సింథులకైతే అదే చాలు. గొంతు కూడా కావాలంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ తప్పదు. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితమే. ట్రయల్లో పాటను సేవ్ చేయనిస్తుంది గానీ కొనేదాకా మళ్లీ తెరవనివ్వదు, కాబట్టి మూసేముందు వేవ్ ఫైలుగా తీసి పెట్టుకోండి.