జన్యువును మోసుకొనిపోవు వాహనము: జేమ్స్ విల్సన్ పరిశోధన పత్రములపై ఒక పరిశీలన

జన్యు చికిత్స యనగా చెడిన జన్యువు చేయవలసిన పనిని మంచి జన్యువుచేత చేయించుట. మంచి జన్యువును తయారుచేయుట ఈనాడు కష్టము కాదు. దానిని దేహములో సరియైన కణములకు చేర్చుటలోనే చిక్కంతయు నున్నది. ఈ చేరవేత సమస్యపై దీర్ఘకాలము కృషి చేసినవారిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పెక్కేండ్లు పనిచేసిన జేమ్స్ విల్సన్ ముఖ్యుడు. ఆయన పత్రములను వరుసగా చదివినచో విజయములను చాటినవానికంటె ప్రమాదములను వివరించినవే విలువైనవిగా తోచును.

కణములోనికి చొరబడుటలో వైరసును మించిన నేర్పరి లేదు. జలుబు కలిగించు అడినోవైరసులోని కొన్ని జన్యువులను తీసివేసి, వాని స్థానమున మనకు కావలసిన జన్యువు నుంచినచో అది వాహనముగా పనిచేయును. అమ్మోనియాను యూరియాగా మార్చుటకు కాలేయమునకు కావలసిన ఒక ఎంజైము కొందరికి పుట్టుకతోనే లోపించును. అట్టివారిపై విల్సన్ బృందము ఈ వాహనమును పరీక్షించినది. 1999 సెప్టెంబరు 13న జెస్సీ గెల్సింగర్ అను 18 ఏండ్ల యువకునికి కాలేయ ధమని ద్వారా సుమారు 38 లక్షల కోట్ల వైరసు రేణువులను ఎక్కించినారు. 98 గంటలలో అతడు మరణించినాడు.

ఆ మరణమును గూర్చిన పత్రము 2003లో వెలువడినది. రోగి రక్తములోని మార్పులను అది ఓపికగా వివరించినది. జన్యువు వలన కాక, దానిని మోసిన వైరసుపై దేహ రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా విరుచుకుపడుట వలననే ప్రాణము పోయినదను నిర్ణయము సమంజసముగనే యున్నది. కాని ఇంచుమించు అదే మోతాదు పొందిన మరియొకరికి అట్టి విపత్తు రాలేదు. ఇద్దరికి ఈ భేదమేల కలిగెనను ప్రశ్నకు పత్రమున తృప్తికరమైన సమాధానము దొరకదు. వైరసు ఎక్కించిన కోతులలో కనబడిన హానిని సమ్మతి పత్రమున తెలుపలేదనియు, విల్సన్ స్థాపించిన సంస్థకు ఈ పరిశోధనలో ఆర్థిక ప్రయోజనము గలదనియు వచ్చిన విమర్శలు తేలికగా త్రోసివేయదగినవి కావు. ఇంతచేసి ఆ పరీక్షలో కాలేయ కణములకు చేరిన జన్యువు స్వల్పమే!

తరువాత ఆయన అడినో అనుబంధ వైరసుల వైపు మరలినారు. ఇవి చిన్నవి, మానవులకు వ్యాధి కలిగించునని తెలియనివి. అయితే చాలమంది రక్తములో వీనికి ప్రతిరక్షకములు ముందే యుండును. కావున ఆయన బృందము కోతుల కణజాలములను గాలించి, 2002లో 7, 8 సంఖ్యల రకములను ప్రకటించినది. ఎలుక కాలేయమునకు ఎనిమిదవ రకము పూర్వపు రకములకంటె 10 నుండి 100 రెట్లు అధికముగా జన్యువును చేర్చినదట. అంకె ఘనమైనదే, కాని ఎలుక కాలేయపు లెక్క మనుష్యునికి అట్లే వర్తింపదు. 2004లో ప్రకటితమైన తొమ్మిదవ రకమే వెన్నుపాము కండర క్షీణతకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఔషధమునకు వాహనమైనది.

ఇక 2018 నాటి పత్రము. తొమ్మిదవ రకమునకు సమీప బంధువైన ఒక వైరసును కిలో బరువునకు 2 కోట్ల కోట్ల రేణువుల చొప్పున మూడు కోతిపిల్లలకు, మూడు పందిపిల్లలకు సిరలలోనికి ఎక్కించినారు. ఒక కోతి కాలేయము దెబ్బతిని, ఎక్కించిన నాలుగు దినములకు దానిని చంపవలసివచ్చినది. పందిపిల్లలు మూడును నడక తప్పినవి. ఆరు జంతువులతో సురక్షితమైన మోతాదును నిర్ణయింప వీలులేదు, పత్రముయొక్క లోపమిదియే. ఐనను తాను పెంచి పోషించిన వాహనమే ప్రమాదకరము కావచ్చునని ప్రకటించుట చిన్న విషయము కాదు.

ఇంత మోతాదు ఎందుకు? కండరములు దేహమంతట వ్యాపించియున్నవి. పైగా ఒకసారి ఎక్కించగనే ప్రతిరక్షకములు పుట్టును గనుక రెండవసారి అదే వాహనము సాధారణముగా పనికిరాదు. చేర్చవలసినదంతయు మొదటి విడతలోనే చేర్చవలెను. 2020లో మరియొక కండర వ్యాధికి ఎనిమిదవ రకముతో జరిగిన పరీక్షలో, కిలోకు 3 కోట్ల కోట్ల చొప్పున పొందిన ముగ్గురు బాలురు మరణించినారు. మోతాదును సగముకంటె తక్కువకు తగ్గించిన పిదపను, 2021లో నాలుగవ బాలుడు చనిపోయినాడు.