తిన్నని నైవేద్యం: పచ్చిమాంసమా, కాల్చిన మాంసమా?

వ్యాససంగ్రహం

శ్రీకాళహస్తి క్షేత్రంతో ముడిపడిన కన్నప్ప కథను చెప్పేటప్పుడు తిన్నడు శివునికి ‘పచ్చిమాంసం’ నివేదించాడనడం పరిపాటి. సేక్కిళార్ ‘పెరియపురాణం’, ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’ చెప్పేది మాత్రం నిప్పుమీద కాల్చి, రుచి చూసి, ఏరి తెచ్చిన మాంసం గురించి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, వేటగాని భక్తిని అర్థం చేసుకునే తీరునే మార్చివేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కన్నప్ప, తిన్నడు, ధూర్జటి, సేక్కిళార్, వేటమాంసం, ఎంగిలి, నైవేద్యం.

1. ఉపోద్ఘాతం

కన్నప్ప కథ దక్షిణాది శైవసాహిత్యంలో విస్తృతంగా వ్యాపించింది. 12వ శతాబ్దిలో సేక్కిళార్ తమిళంలో దీనిని వివరంగా చెప్పాడు. తెలుగులో పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’లో ఈ కథ ఉంది. 16వ శతాబ్దికి చెందిన ధూర్జటి దీనిని ప్రబంధోచితంగా విస్తరించాడు. ఆదిశంకరులకు సంప్రదాయం ఆపాదించే ‘శివానందలహరి’లోనూ ఈ వేటగాని ప్రస్తావన ఉంది. అక్కడ కొంత తిని మిగిల్చిన మాంసపు ముద్ద శివునికి నైవేద్యమవుతుంది. అది తిన్న శేషమని శ్లోకం చెబుతుందే తప్ప పచ్చిదని చెప్పదు.

అలాంటప్పుడు ‘పచ్చి’ అనే విశేషణం ఎక్కడ నుంచి వచ్చింది? అది ఏ పని చేస్తోంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే ముందు కావ్యంలోని వంటను గమనించాలి.

2. కావ్యంలో నిప్పు

పెరియపురాణంలో తిన్నడు సహచరులతో అడవిపందిని తరిమి చంపుతాడు. ఆకలితో ఉన్న సహచరులు వేటను కాల్చుకొని తినాలనుకుంటారు. కట్టెను కట్టెతో మథించి నిప్పు రాజేయడం కూడా కథలో భాగమే. కొండమీది దేవుణ్ణి చూసి వచ్చిన తిన్నడు ఆ నిప్పు దగ్గరికి చేరి, మాంసాన్ని కోలకు గుచ్చి కాలుస్తాడు. కాలిన ముక్కలను నమిలి చూసి, మెత్తనివీ రుచికరమైనవీ ఏరి ఆకుదొప్పలో పెడతాడు. తాను తినడు. సహచరులు దీనిని పిచ్చిగా భావిస్తారు. తరువాతి రోజుల్లో మాంసానికి తేనె కూడా తోడవుతుంది.

ఈ క్రమంలో వేట, కోత, నిప్పు, కోల, రుచి, ఎంపిక, దొప్ప అనే దశలు వరుసగా ఉన్నాయి. ఇది ఒక పాకవిధానం. ధూర్జటి తిన్నడు కూడా మాంసాన్ని కాల్చి, రుచి చూసి, దొప్పలో పెట్టి తెస్తాడు. అంతకుముందు అతడు అడవిలో ఒంటరిగా ఉన్న దేవుణ్ణి తన ఊరైన ఉడుమూరికి రమ్మని పిలుస్తాడు. చుట్టానికి పెట్టే తిండి ఎలా ఉండాలో తెలిసినవాని మాట అది. దేవుడు కదలనప్పుడు ఆ తిండినే కొండకు మోసుకొస్తాడు. కాబట్టి ఈ నైవేద్యం ఆతిథ్యానికి కొనసాగింపు.

ఇక్కడ నమిలి చూడటం భక్తిచిహ్నం మాత్రమే కాదు, వంటవాని పరీక్ష కూడా. నిప్పుమీద నేరుగా కాల్చిన అడవిపంది మాంసం అంతటా ఒకేలా కాలదు. పైభాగం మాడినా లోపల పచ్చిగా ఉండవచ్చు. సరిగా ఉడకని అడవిపంది మాంసం ద్వారా ట్రైకినెల్లా అనే పరాన్నజీవి మనుషులకు సోకుతుందని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. కావ్యానికి ఆ పరిజ్ఞానాన్ని అంటగట్టనవసరం లేదు. అయితే ఏ ముక్క కాలిందో, ఏది కాలలేదో పంటితో తేల్చుకోవడం వేటమాంసం తినేవారికి అవసరమైన విద్య. తిన్నని ఎంగిలి ఆ విద్యకు గుర్తు.

3. ‘పచ్చి’ చేరిన తీరు

ఆలయపూజారి తిన్నని నైవేద్యాన్ని చూసి కలవరపడటానికి కారణం ఆ మాంసం పచ్చిది కావడం కాదు. గర్భగుడిలో మాంసం ఉండటం, ఎముకలు పడి ఉండటం, స్థలం అపవిత్రం కావడం అతని బాధ. కథలోని సంఘర్షణ ఆగమశుద్ధికీ ఎంగిలికీ మధ్య జరుగుతుంది. తరువాతి కథనాలు దీనిని నాగరికతకూ అనాగరికతకూ మధ్య ఘర్షణగా మార్చుకున్నాయి. ఆ మార్పుకు ‘పచ్చి’ అనే మాట చక్కగా సరిపోయింది.

చిత్రకళ కూడా పరోక్షంగా దీనికి తోడ్పడిందని భావించవచ్చు. ప్రసిద్ధమైన కన్నప్ప చిత్రం లింగంపై పాదముంచి కన్ను పెకలించుకునే ఘట్టానిది. కోలకు గుచ్చిన మాంసం, రాజుకున్న నిప్పు ప్రజల కంటికి అంతగా పరిచయం కాలేదు. కంటికి కనబడని వంటను మాట సులభంగా చెరిపివేయగలదు.

శబరి కథతో పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. వాల్మీకి రామాయణంలో శబరి పండ్లను కొరికి రుచి చూడదు. ఆ ఎంగిలి తరువాతి సంప్రదాయం చేర్చినది. అంటే శబరికి ఎంగిలిని చేర్చిన జనశ్రుతే తిన్నని నుంచి నిప్పును తీసివేసింది. రెండు మార్పులూ భక్తుని అమాయకతను పెంచే దిశలోనే జరిగాయి.

4. సిద్ధాంతదృష్టి, దాని పరిమితి

ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లోడ్ లెవీ-స్ట్రాస్ 1964లో ప్రచురించిన గ్రంథంలో పచ్చిదానికీ వండినదానికీ మధ్య భేదాన్ని ప్రకృతికీ సంస్కృతికీ మధ్య భేదంగా విశ్లేషించాడు. పాత్ర, నీరు అవసరం లేని కాల్చిన ఆహారం ప్రకృతికి దగ్గరగా ఉంటుందనీ, పాత్రలో ఉడికినది సంస్కృతికి దగ్గరగా ఉంటుందనీ తరువాత వివరించాడు. ఉడికినది ఇంటివారికీ, కాల్చినది అతిథులకూ పెట్టడం తరచుగా కనిపిస్తుందని కూడా గుర్తించాడు.

ఈ చట్రం రెండు విధాలుగా ఉపకరిస్తుంది. కాల్చినదాన్ని పచ్చిగా పొరబడటం ఎందుకంత తేలికో ఇది చూపుతుంది. దేవుణ్ణి అతిథిగా భావించిన తిన్నడు కాల్చిన మాంసం తేవడంలోని ఔచిత్యాన్నీ చెబుతుంది. అయితే కాల్చడాన్ని ప్రకృతివైపు నెట్టే ఈ విభజన తిన్నని కోలకూ, దొప్పకూ, తేనెకూ, ఎంపికకూ న్యాయం చేయదు. పాత్ర లేనంత మాత్రాన సంస్కృతి లేదనలేము.

అదే సమయంలో కావ్యాన్ని అడవిజీవనానికి యథాతథమైన సాక్ష్యంగా తీసుకోవడం కూడా పొరపాటే. ధూర్జటి వేటవర్ణనలో ప్రబంధసంప్రదాయం బలంగా ఉంది. అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ 1943 నాటి గ్రంథంలో వారి జీవనానికి దుంపలు, పండ్ల సేకరణే ప్రధానమని నమోదు చేశాడు. అడవిబిడ్డ అంటే నిత్యం మాంసం తినేవాడన్న ఊహ కూడా ‘పచ్చి’ వంటి మరొక సరళీకరణే.

5. ముగింపు

తిన్నడు పచ్చిమాంసం తెచ్చాడంటే అతని భక్తి తెలియనితనానికి లభించిన క్షమాపణ అవుతుంది. కాల్చి, నమిలి, ఏరి తెచ్చాడంటే తనకు తెలిసిన విద్యలో శ్రేష్ఠమైనదాన్ని అర్పించడం అవుతుంది. మొదటి పఠనంలో దేవుడు వేటగాని లోపాన్ని మన్నిస్తాడు. రెండవ పఠనంలో అతని వంటను స్వీకరిస్తాడు. సేక్కిళార్, ధూర్జటి రచనలు రెండవ పఠనాన్నే సమర్థిస్తాయి. తరగతిగదిలో ఈ కథ చెప్పేటప్పుడు ‘పచ్చి’ అనే ఒక్క మాటను తొలగించి నిప్పును తిరిగి వెలిగిస్తే, కన్ను ఇచ్చిన తిన్నడే కాక, అంతకుముందు ఆకలిని ఆపుకొని అన్నం పెట్టిన తిన్నడు కూడా విద్యార్థులకు కనిపిస్తాడు.